అప్‌డేట్: జూలైలో అమ్మానాన్నలతో కారులో సలాలా వెళ్లొచ్చాం

మస్కట్ నుంచి అమ్మానాన్నలను జూలైలో ఒమన్ దక్షిణ తీరంలోని సలాలాకు తీసుకెళ్లాలి, ఆ ఎడారి ఎండకు తట్టుకోగలరా అని జూన్‌లో ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

బాగా పనికొచ్చింది, జూలై మూడో వారం దాకా ఆగమన్న మాట. అప్పటికి కొండలన్నీ పచ్చబడ్డాయి. దారి దాదాపు 1,000 కిలోమీటర్లు, అందుకే రాత్రికి హైమాలో ఆగాం. థుమ్రైత్ దాటేదాకా ఎటు చూసినా ఎడారే. తర్వాత కొండ దిగుతుంటే ఒక్కసారిగా పొగమంచు, సన్నటి తుంపర! మస్కట్‌లో 40 దాటితే అక్కడ 25 డిగ్రీల దగ్గరే ఉంది. కింద కొబ్బరి, అరటి తోటలు చూసి అమ్మ కోనసీమలా ఉందంది.

మనకు వానలు తెచ్చే నైరుతి గాలులే అక్కడ సముద్రం లోపలి చల్లటి నీటిని పైకి తెస్తాయి. ఆ చల్లదనానికి గాలిలోని తేమ మంచుగా మారి, సలాలా వెనకున్న ధోఫార్ కొండలు అడ్డుగా ఉండటంతో తీరం వైపే నిలిచిపోతుంది. ఈ కాలాన్ని వాళ్లు ఖరీఫ్ అంటారు. మన ఖరీఫ్ పంట పేరూ ఆ అరబీ మాటే. మంచు చేరని అవతలి వైపు, వాదీ దౌకాలో, లుబాన్ సాంబ్రాణి చెట్లు చూశాం. ఆ చెట్టుకు పొడి నేలే కావాలట.

సలాలాలో ఎండ గురించి నేను పడ్డ టెన్షన్ అనవసరం. జాగ్రత్తంతా పొగమంచులో డ్రైవింగ్‌కే కావాలి. కొండ దారి పగలే దాటండి. నాన్నకు స్వెటర్ కూడా అవసరమైంది.