నరం లేని నాలుక: ఇక్కడ నరమంటే ఏ నరం?

నిన్న మా అత్తయ్య ఫోన్లో ఎవరి గురించో మాట్లాడుతూ "నరం లేని నాలుక, ఎటైనా తిరుగుతుంది" అన్నారు. పక్కనే పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఊరుకుంటుందా? "నాలుక కదిలేదే నరాలతో కదా నానమ్మా!" అంది. అత్తయ్యకు కోపం వచ్చింది, నాకు అనుమానం వచ్చింది. ఎముక లేని నాలుక అంటే అర్థముంది. నరం లేకపోవడమేంటి? అద్దంలో చూసుకుంటే నాలుక కింద నీలంగా రెండు కనిపిస్తున్నాయి కూడా. తెలిసినవాళ్లు చెప్పండి.

*

ఆ నీలంగా ఉన్నవి సిరలండీ. నేను ల్యాబ్‌లో రక్తం తీస్తాను. "నరం దొరకట్లేదు, పిడికిలి బిగించండి" అని రోజూ అంటూనే ఉంటాను. వెతికేది సిర, నోటికొచ్చేది నరం! మనకు తీగలా సాగినదల్లా నరమే. కాళ్ల మీద ఉబ్బినవీ నరాలే. రాత్రిపూట పిక్క పట్టేస్తే, పట్టింది కండ అయినా, "నరం పట్టేసింది" అంటాం. షుగర్ ఉన్నవాళ్లకు పాదాలు తిమ్మిరెక్కితే మాత్రం చాలాసార్లు అది నిజంగా నరం గొడవే.

*

చెన్నైలో పెరిగాను. తమిళంలోనూ అచ్చం ఇదే మాట ఉంది, నరంబు లేని నాలుక అని. కన్నడంవాళ్లు మాత్రం ఎలుబిల్లద నాలిగె, అంటే ఎముక లేని నాలుక అంటారు. తమిళంలో యాళ్ అనే పాత వాద్యం తీగ కూడా నరంబే. గ్రీకులో న్యూరాన్ అంటే మొదట కండను ఎముకకు కట్టే తాడు, వింటినారి. స్నాయువు సంగతి ఇంకా తమాషా: మరాఠీలో అది కండ, బెంగాలీలో నరం, మన స్కూలు పుస్తకాల్లో స్నాయుబంధనం అంటే ఆ తాడు. కాబట్టి సామెతలో నరమంటే తాడేనని నా ఊహ.

*

ఫిజియోథెరపీ చేసేవాణ్ణి. పై ఊహ నాకు నచ్చింది. వేళ్లు ఆడిస్తూ చేతి వెనకవైపు చూడండి. చర్మం కింద లేచి పడే తాళ్లు స్నాయుబంధనాలు. వేళ్లను చాచే కండలు ముంజేతిలో ఉండి, ఈ తాళ్లు పట్టుకుని దూరం నుంచి లాగుతాయి. కండకు లాగడమే తెలుసు, తొయ్యడం రాదు. అందుకే మోచెయ్యి మడవడానికి ఒక కండ, చాచడానికి ఇంకో కండ.

మరి నాలుక బయటికెలా వస్తుంది? దాని 8 జతల కండల్లో 4 జతలు నాలుకలోనే పుట్టి నాలుకలోనే ముగుస్తాయి, ఎముక ఊసే లేదు. అడ్డంగా ఉన్న కండ బిగిస్తే నాలుక సన్నబడి పొడుగవుతుంది, చపాతీ పిండిని గుప్పిట్లో పిసికితే జారి ముందుకొచ్చినట్టు. గడ్డం ఎముక లోపలి నుంచి వచ్చే ఇంకో జత, నాలుక వెనక భాగాన్ని ముందుకు లాగుతుంది. ఒకసారి ల, ళ అని చూడండి. ఆ ళకారానికి కొస ఎలా వెనక్కి మడుచుకుంటుందో! "నోరు తిరగట్లేదు" అంటాం గానీ, తిరగాల్సింది నాలుకే.

ఇక అసలు నరం. తల నుంచి వచ్చే 12 జతల్లో పన్నెండోది నాలుక కండల్లో దాదాపు అన్నిటినీ ఆడిస్తుంది. దాని కొస కండను తాకదు. మధ్యనున్న సన్నని సందులోకి అసిటైల్‌కోలిన్ అనే రసాయనం వదులుతుంది, అది అందగానే కండ బిగుస్తుంది. పక్షవాతం అనుమానం ఉంటే డాక్టర్లు నాలుక చాచమనేది ఇందుకే. ఏ పక్క బలహీనపడితే నాలుక ఆ పక్కకే ఒరుగుతుంది, బలమున్న పక్క దాన్ని అటు నెట్టేస్తుంది కాబట్టి.

*

అందరికీ థాంక్సండీ. అత్తయ్యకు మొత్తం చదివి వినిపించాను. మా అమ్మాయి ముందు నాలుక చాచి మరీ చూపించారు, తిన్నగానే ఉంది. తర్వాత, "మరి మీ మామయ్యది ఎముక లేని చెయ్యి అంటారు ఊళ్లో అందరూ. దానికేం చెబుతారో అడుగు" అన్నారు.