యూకేలో పిల్లల సైకోఅనలిటిక్ సైకోథెరపిస్ట్ ట్రైనింగ్: ఈ దారిలో ఉన్నవాళ్ళు చెప్పండి

లీడ్స్_తెలుగమ్మాయి:
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో సైకాలజీ ఎమ్మే చేశాను. ఇప్పుడు ఇక్కడ ప్రైమరీ స్కూల్లో టీచింగ్ అసిస్టెంట్‌ని. కోపం, భయం మాటల్లో చెప్పుకోలేని పిల్లల్ని రోజూ చూస్తున్నాను. వాళ్ళతో ఇంకా లోతుగా, సైకోఅనలిటిక్ సైకోథెరపిస్ట్‌గా, అంటే పిల్లల ఆటల్లో, ప్రవర్తనలో బయటపడే లోపలి భావాలను అర్థం చేసుకుని సాయపడే మనిషిగా పనిచేయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

లండన్_ట్రైనీ:
ముందు ప్రీ-క్లినికల్ కోర్సు చేయాలండి. ఉద్యోగం చేసుకుంటూ చదవచ్చు, ఫీజు మాత్రం మనమే కట్టుకోవాలి. ఆ తర్వాత నాలుగేళ్ళ క్లినికల్ ట్రైనింగ్‌. అసోసియేషన్ ఆఫ్ చైల్డ్ సైకోథెరపిస్ట్స్ గుర్తింపు ఉన్న స్కూళ్ళు కొన్నే. లండన్‌లో టావిస్టాక్ ఉంది, మీ లీడ్స్‌లోనే నార్తర్న్ స్కూల్ ఉంది. ఇంగ్లండ్‌లో ఎంపికైతే ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) పిల్లల మానసిక ఆరోగ్య క్లినిక్‌లో జీతంతో ట్రైనీ పోస్టు వస్తుంది. సీట్లు తక్కువ, పోటీ గట్టిగా ఉంటుంది.

ఓపిక:
ఫీజులు, సీట్ల కంటే ముందు, ప్రీ-క్లినికల్‌లో చేసే బేబీ అబ్జర్వేషన్ గురించి ఆలోచించుకోండి. ఈ పని మనకు పడుతుందో లేదో అక్కడే తెలుస్తుంది. 1948లో టావిస్టాక్‌లో ఎస్తర్ బిక్ అనే సైకోఅనలిస్ట్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఒక ఇంట్లో బిడ్డ పుట్టినప్పటి నుంచి రెండేళ్ళు నిండేదాకా వారానికో గంట వెళ్ళి చూడాలి. అక్కడ నోట్స్ రాయకూడదు, సలహాలు ఇవ్వకూడదు. ఇంటికొచ్చాక గుర్తున్నదంతా రాసి సెమినార్‌లో చదవాలి.

మన ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఇది చాలా కష్టం. బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే మన దగ్గర ఎవరో ఒకరు ఎత్తేసుకుంటారు, కడుపునొప్పేమో అంటారు, దిష్టి తీయమంటారు. నేను మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. కానీ అలా కూర్చున్నందుకే కొన్ని కనిపించాయి. తల్లి దగ్గర లేనప్పుడు పసిబిడ్డ ఏదో వెలుగునో శబ్దాన్నో పట్టుకుని తనను తాను కూడదీసుకుంటుందని బిక్ 1968లో రాశారు. నేను చూసిన బాబు కిటికీ వెలుతురును కళ్ళతో అలాగే పట్టుకునేవాడు, ఏడుపు కాసేపు ఆగేది. ఎత్తుకుని ఉంటే అది నాకు తెలిసేదే కాదు. రేపు క్లినిక్‌లో ఒక పిల్లాడు బొమ్మలు విసిరికొడుతుంటే వెంటనే సముదాయించేయకుండా, వాడేం చెబుతున్నాడో ఆలోచించే ఓర్పు ఇక్కడే వస్తుంది.

కూకట్‌పల్లి_నుంచి:
అక్కా, ఇదే కోర్సు ఇండియాలో ఉందా?

ఓపిక:
ఇది బ్రిటన్ పద్ధతి తమ్ముడూ. మన దగ్గర క్లినికల్ సైకాలజిస్టులకు ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఆ చదువు వేరు. సైకోఅనాలిసిస్ అయితే మనకు కొత్తేం కాదు. గిరీంద్రశేఖర్ బోస్ 1922లోనే కలకత్తాలో ఇండియన్ సైకోఅనలిటికల్ సొసైటీ పెట్టారు.

లీడ్స్_తెలుగమ్మాయి:
ట్రైనింగ్‌లో మనం కూడా అనాలిసిస్‌కి, అంటే మన మనసులో ఉన్నవి ఒక అనలిస్ట్ దగ్గర మాట్లాడుకోవడానికి, వెళ్ళాలట కదా. ఇంట్లో చెబితే "నీకేమైందే?" అని అమ్మకి టెన్షన్.

లండన్_ట్రైనీ:
మా ఇంట్లోనూ అదే మాట అన్నారు. ట్రైనింగ్ జరిగినన్నాళ్ళూ వారానికి కనీసం మూడుసార్లు వెళ్ళాలి. ఎందుకో కేసులు మొదలయ్యాక అర్థమైంది. ఐదేళ్ళలోపు పిల్లలు, బడి వయసు పిల్లలు, టీనేజర్లు, ఈ మూడు వయసుల నుంచీ ఒక్కొక్కరిని వారానికి మూడుసార్లు చూడాలి. అంత దగ్గరగా పనిచేస్తే పిల్లలు తమ కోపం, దిగులు అన్నీ మన మీద పెడతారు. అందులో వాళ్ళదెంత, మన చిన్నప్పటిదెంత అని విడదీసుకోవాలి. సొంత అనాలిసిస్ లేకుండా అది సాధ్యం కాదని నా గట్టి నమ్మకం. అమ్మకి మాత్రం "ఇది చదువులో భాగమే" అని చెప్పండి, అది నిజం కూడా.

ఓపిక:
ఇంకొకటి, స్కూలు ఉద్యోగం మానకండి. ప్రీ-క్లినికల్‌లో వర్క్ డిస్కషన్ సెమినార్ ఉంటుంది. పిల్లలతో మీరు రోజూ చేసే పనినే వివరంగా రాసి తీసుకెళ్ళాలి. టీచింగ్ అసిస్టెంట్లు, నర్సరీ టీచర్లు, నర్సులు ఆ దారిలో చాలామందే వస్తారు. నార్తర్న్ స్కూల్ ఓపెన్ డే ఎప్పుడో కనుక్కోండి, మిగతాది అక్కడికి వెళ్ళొచ్చాక మాట్లాడుకుందాం.