గుట్టల్లో సైకిల్‌కి ఏ హెల్మెట్: హాఫ్ షెల్లా, ఫుల్ ఫేసా?

నల్గొండ_మొరంబాట:
ఇన్నాళ్లు రోడ్డు సైకిలే తొక్కాను, ఇప్పుడు ఎంటీబీ (గుట్టల్లో తొక్కే మౌంటెన్ బైక్) తీసుకున్నాను. పానగల్ వైపు బండ్ల బాటలు, లతీఫ్ సాబ్ గుట్ట చుట్టూ రాళ్ల దారులు తిరుగుతున్నాను. పాత రోడ్డు హెల్మెట్ పనికిరాదని అందరూ చెప్తున్నారు, కానీ మరి ఏది కొనాలంటే తలా ఒక మాట. తల మాత్రమే కప్పే హాఫ్ షెల్, ముఖం, గడ్డం కూడా కప్పే ఫుల్ ఫేస్, గడ్డం దగ్గరి భాగం ఊడదీసుకునే కన్వర్టబుల్ అని మూడు రకాలు చూశాను. మన ఎండల్లో, మన బండల మీద వాడినవాళ్లు చెప్పండి.

పాలమూరు_పెడల్:
తమ్మీ, దిగే దారి ఎట్లుందో దాన్ని బట్టి హెల్మెట్. చెలక గట్లు, చెరువు కట్టలు, మొరం దారులే అయితే ట్రైల్ హాఫ్ షెల్ చాలు. అది రోడ్డు హెల్మెట్ కంటే వెనక కిందికి దిగి ఉంటుంది, మెడ మొదలు దాకా కప్పుతుంది, కణతల దగ్గర కూడా కొంచెం ఎక్కువ. ఆ వెనక భాగం ఎందుకంటే, నిటారు ఎక్కుడులో మొరం జారి ముందు చక్రం లేస్తే మనిషి వెనక్కే పడతాడు, కింద ఉండేది బండ. బరువు 350 గ్రాముల అటూ ఇటూ. ముందు వైజర్ (టోపీ అంచు లాంటిది) మన దగ్గర ఎండకే కాదు, సర్కారు తుమ్మ కొమ్మలకు కూడా కావాలి. తల వంచితే కొమ్మ ముందు వైజర్‌కి తగిలి పక్కకు పోతుంది, కళ్లు దక్కుతాయి.

రాచకొండ_దిగుడు:
నేను ఫుల్ ఫేస్ వైపే. రాచకొండ గుట్టల్లో బండల మీద నుంచి దిగేటప్పుడు ముందు చక్రం రాళ్ల సందులో ఇరుక్కుంటే హ్యాండిల్ మీదుగా ఎగిరి ముఖం మీదే పడతాం, అప్పుడు హాఫ్ షెల్ ఎంత మంచిదైనా దవడకు, పళ్లకు చేసేదేమీ లేదు. మా గ్రూపులో ఒకతను మంచి హాఫ్ షెల్ పెట్టుకునే పడ్డాడు. తలకు ఏమీ కాలేదు, గడ్డానికి కుట్లు పడ్డాయి, ముందు పళ్లు రెండు పోయాయి. ఇప్పుడు ఎక్కుడూ దిగుడూ రెండూ తొక్కేవాళ్ల ఎండ్యూరో రకం ఫుల్ ఫేస్‌లు 700, 800 గ్రాముల్లోనే వస్తున్నాయి, గాలి రంధ్రాలు కూడా బాగానే ఉంటున్నాయి. ఉత్త దిగుడుకే వాడే, కిలో బరువుండే డౌన్‌హిల్ రకంతో వీటిని కలిపి చూడొద్దు.

పాలమూరు_పెడల్:
నువ్వు చెప్పే దిగుడుకైతే ఒప్పుకుంటాను అన్నా. కానీ మార్చి దాటాక మన దగ్గర పొద్దున ఎనిమిదికే మంట. ఎక్కేటప్పుడు స్పీడు ఉండదు కాబట్టి రంధ్రాలు ఎన్నున్నా లోపలికి గాలి పోదు, నోటి ముందు చిన్ బార్ (గడ్డం కప్పే భాగం) ఉంటే మన ఊపిరి వేడి మనకే తగులుతుంది. అందుకే చాలామంది ఎక్కేటప్పుడు ఫుల్ ఫేస్ తీసి బ్యాగుకు తగిలించి ఉత్త తలతో తొక్కుతారు. నాకు భయం అక్కడే. ఎక్కుడులో కూడా పడతాం. తల మీద లేని హెల్మెట్ ఎంత ఖరీదుదైతే ఏం లాభం?

దేవరకొండ_గేర్:
ఆ తీసిపెట్టే అలవాటు వల్లే నేను కన్వర్టబుల్‌కి మారాను. ఎక్కేటప్పుడు చిన్ బార్ బ్యాగులో, హెల్మెట్ తల మీద. దిగే ముందు బిగిస్తాను. అయితే కొనేముందు లోపలి స్టికర్ చదవండి. సైకిల్ హెల్మెట్లకు యూరప్ ప్రమాణం ఈఎన్ 1078లో గానీ అమెరికా ప్రమాణం సీపీఎస్‌సీలో గానీ చిన్ బార్‌కి పరీక్షే లేదు. ఏఎస్‌టీఎం ఎఫ్1952 అని ఉంటేనే అది డౌన్‌హిల్ పరీక్ష, అందులో చిన్ బార్ మీద కూడా బరువు పడేసి చూస్తారు. కొన్ని కన్వర్టబుల్స్ చూడ్డానికి ఫుల్ ఫేస్ లాగే ఉంటాయి గానీ ఆ గుర్తు ఉండదు. క్లిప్పుల్లో మొరం దుమ్ము చేరితే సరిగ్గా పడవు, ప్రతి రైడ్ తర్వాత బ్రష్‌తో దులపాలి.

చెరువుకట్ట_రైడర్:
ఇంట్లో బైక్ హెల్మెట్ ఉంది, ఐఎస్ఐ మార్క్ ఉంది, ఫుల్ ఫేసే. అది పెట్టుకుంటే కాదా అన్నలూ? డిగ్రీ చదువుతున్నా, డబ్బులు చూసుకోవాలి.

దేవరకొండ_గేర్:
వద్దు తమ్ముడూ. అది బండి స్పీడుకి చేసింది, కిలో దాటుతుంది, గాలి ఆడదు. ఎక్కుడులో పది నిమిషాలకే ఊపిరి ఆడక తీసేస్తావు, మెడ కూడా లాగుతుంది. ఆ డబ్బుల్లో గుర్తులు సరిగ్గా ఉన్న మామూలు ట్రైల్ హాఫ్ షెల్ తీసుకో. మిప్స్ అనే జారే పొర లోపల ఉంటే ఇంకా మంచిది. తల ఏటవాలుగా తగిలి మెలి తిరిగినప్పుడు లోపలి పొర పది, పదిహేను మిల్లీమీటర్లు జరిగి ఆ తిప్పుడు కొంత తగ్గిస్తుంది. బడ్జెట్ అందకపోతే మిప్స్ వదిలెయ్, సైజు మాత్రం వదలొద్దు. సెకండ్ హ్యాండ్ జోలికి పోకు. లోపలి థర్మకోల్ ఒక్కసారి నలిగితే దాని పని అయిపోయినట్టే, పైకి పగులు కనబడకపోవచ్చు.

పిల్లలమర్రి_అక్క:
సైజు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. కనుబొమ్మల పైన, చెవుల పైనుంచి తల చుట్టూ టేపు పెట్టి సెంటీమీటర్లలో కొలవండి, ప్రతి కంపెనీ చార్టు వేరు. పెట్టుకున్నాక కనుబొమ్మకూ హెల్మెట్ అంచుకూ మధ్య రెండు వేళ్లకు మించి సందు ఉండొద్దు. పట్టీ పెట్టకుండా తల ఊపితే నుదుటి చర్మం కూడా దానితో కదలాలి. ఫుల్ ఫేస్ అయితే బుగ్గలు నొక్కుకుపోవాలి, కొత్తలో ఇబ్బందిగా ఉన్నా ప్యాడ్లు సర్దుకుంటాయి. ఆడవాళ్లు ముడి పైకి వేస్తే హెల్మెట్ ముందుకు వంగో, పైకి లేచో కూర్చుంటుంది. జడ కిందికి అల్లుకుని వెనక బిగింపు కింద నుంచి వదలండి. మా అబ్బాయికి పదమూడేళ్లు, పెరుగుతాడు కదా అని పెద్ద సైజు కొందామని ఇంట్లో అన్నారు, నేను ఒప్పుకోలేదు. ఇంకో మాట, ఎండాకాలం కారు డిక్కీలో హెల్మెట్ వదలకండి, ఆ వేడికి లోపలి ఫోమ్ పాడవుతుంది.

రాచకొండ_దిగుడు:
అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. చెమట ప్యాడ్లు వారానికోసారైనా మామూలు సబ్బు నీళ్లతో కడిగి నీడలో ఆరేయండి. పెట్రోలు, థిన్నర్‌తో మరకలు తుడవొద్దు, థర్మకోల్ కరిగిపోతుంది.

నల్గొండ_మొరంబాట:
అందరికీ థ్యాంక్స్. నేను తిరిగేది ఎక్కువగా మొరం, బండ్ల బాటలే కాబట్టి ఇప్పటికి వెనక బాగా దిగిన హాఫ్ షెల్ తీసుకుంటాను. రాచకొండ వైపు రావాలనుకుంటే అప్పుడు ఎఫ్1952 ఉన్న ఫుల్ ఫేస్ చూస్తాను. అమ్రాబాద్ అడవి బాటలకు ఏది పెట్టుకోవాలి? మన్ననూర్ వైపు పోదామని మా వాడొకడు అంటున్నాడు.

పాలమూరు_పెడల్:
శ్రీశైలం రోడ్డు మీద ఘాట్ తొక్కాలంటే నీ పాత రోడ్డు హెల్మెట్ చాలు, దెబ్బ తినకపోతే. లోపలి బాటలు టైగర్ రిజర్వ్, అటవీ శాఖ అనుమతి లేకుండా సైకిల్ దింపొద్దు. హాఫ్ షెల్ కొనేటప్పుడు నీ కళ్లజోడు పెట్టుకునే షాపుకి వెళ్లు, కాడలు పట్టీలకు తగులుతున్నాయో లేదో అక్కడే తెలుస్తుంది.