మూడు నెలల కుక్కపిల్లకు చేపల పులుసన్నం పెట్టొచ్చా?

ప్రశ్న (కావలి):
మా వీధిలో తల్లి లారీ కింద పడి చనిపోతే ఈ పిల్లను ఇంటికి తెచ్చుకున్నాను. పేరు చిట్టి, మూడో నెల నడుస్తోంది. జువ్వలదిన్నె నుంచి చేపలు తెచ్చే ఆమె వారానికి మూడుసార్లు మా గుమ్మంలో గంప దించుతుంది. మిగిలిన పులుసు అన్నంలో కలిపి అమ్మ చిట్టికి పెడుతుంది. గిన్నె నాకి నాకి తింటుంది. మిగతా రోజుల్లో పెరుగన్నం. పది రోజులుగా పలచగా విరేచనాలు. పొట్ట ఉబ్బుగా ఉంది, పక్కటెముకలు మాత్రం కనిపిస్తున్నాయి. నెలంతా ప్యాకెట్ ఫుడ్ కొనే స్తోమత లేదు. ఇంటి తిండితోనే పెంచాలంటే ఏం పెట్టాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (ఒంగోలు):
ముందు పులుసు ఆపండి. కారం, పులుపు అటుంచండి, అందులో ఎర్రగడ్డ, తెల్లగడ్డ ఉంటాయి కదా. అవి కుక్కల ఒంట్లో ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. ఉడికినా, ముక్కలు తీసేసినా రసంలో ఆ గుణం పోదు. పది రోజుల విరేచనాలంటే రేపటిదాకా ఆగొద్దు, పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆ పొట్ట చూస్తే కడుపులో పురుగులేమో అనిపిస్తోంది. పిల్లలకు మూడు నెలల వరకు రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలల దాకా నెలకోసారి పురుగుల మందు వేయాలి. టీకాల సంగతీ అప్పుడే అడగండి.

జవాబు (కందుకూరు):
నేను చేసిన తప్పు మీరు చేయకూడదని రాస్తున్నాను. మా రాజాను పెరుగన్నం, ఎముకలేని చికెన్‌తో పెంచాను. ఐదో నెలకు ముందుకాళ్లు వంగిపోయాయి. మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ అని డాక్టర్ చెప్పేదాకా నాకు తెలియదు. వాడు మెట్లెక్కలేక కింద నిలబడి చూస్తుంటే ఏడుపొచ్చేది. అందుకే కాల్షియం ఎంత ఇవ్వాలో బరువు చూపించి అడగండి, సొంతంగా ఎక్కువ పోసినా ప్రమాదమే. ఉడికిన ఎముకలు మాత్రం వేయొద్దు, చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. అన్నం తగ్గించి గుడ్డు, చేప, చికెన్ పెంచండి. రోజుకు మూడు నాలుగు సార్లు కొంచెం కొంచెంగా పెట్టండి. మేక కార్జం వారానికోసారి చిన్న ముక్క చాలు, రోజూ పెడితే విటమిన్ ఎ ఎక్కువవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
సాయంత్రమే తీసుకెళ్లాను. పురుగులే అన్నారు, మందు వేశారు. కాల్షియం చుక్కలు రాసిచ్చారు. ఈ రోజు అమ్మ చట్టిలో ఉప్పు, కారం వేయకముందే రెండు చేప ముక్కలు తీసి, ఉత్త నీళ్లలో ఉడికించి, ముళ్లు ఏరి పెట్టింది. చిట్టి మొదట వాసన చూసి వెనక్కి వెళ్లింది. కాసేపటికి వచ్చి మొత్తం తినేసింది.