ఫిల్లెట్ వెల్డు పెద్దదైతే బలమా, నష్టమా?

ప్రశ్న:
విశాఖపట్నం ఆటోనగర్‌లోని ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ షాపులో సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. పారిశ్రామిక షెడ్లకు ప్లేట్లతో హెచ్ ఆకారపు స్తంభాలు, రాఫ్టర్లు తయారుచేస్తాము. రెండు ప్లేట్లు కలిసే మూలలో వేసే ఫిల్లెట్ వెల్డు డ్రాయింగులో 6 మి.మీ. అని ఉన్నా, గట్టిగా ఉంటుందన్న నమ్మకంతో మా వెల్డర్లు 8 మి.మీ. దాకా వేస్తున్నారు. ఫ్లాంజిలు (హెచ్ ఆకారంలోని రెండు పక్క ప్లేట్లు) వంగిపోతున్నాయి, వానాకాలంలో వెల్డులో బ్లో హోల్స్ (గాలి బుడగల రంధ్రాలు) పడి, గ్రైండింగ్ చేసి మళ్ళీ వెల్డు వేయవలసి వస్తోంది. ఇంకో రెండు మెషీన్లు కొంటే పని అందుకుంటుందని యజమాని గారి ఆలోచన. అంతకంటే ముందు సరిచేసుకోవలసినది ఏమిటో అనుభవజ్ఞులు చెప్పగలరు.

మొదటి జవాబు:
ముందు ప్రతి వెల్డరు చేతికీ వెల్డు సైజు కొలిచే ఫిల్లెట్ గేజి ఒకటి ఇవ్వండి. ఫిల్లెట్ అడ్డుకోత, రెండు భుజాలూ ఆ సైజే ఉన్న లంబకోణ త్రిభుజం కాబట్టి 6 మి.మీ. వెల్డులో 18 చదరపు మి.మీ., 8 మి.మీ. వెల్డులో 32 చదరపు మి.మీ. లోహం పడుతుంది. అంటే, సైజుతో పాటు బలం మూడోవంతు పెరగడానికి రాడ్డు, సమయం దాదాపు 78 శాతం ఎక్కువ ఖర్చవుతున్నాయి. పైగా ఆ అదనపు లోహమే చల్లారుతూ ముడుచుకుని ఫ్లాంజిని లాగుతుంది.

రెండో జవాబు:
లెక్క సరైనదే కాని, తప్పంతా వెల్డరుదే అనుకోవద్దని నా మనవి. గ్యాస్ కటింగులో వెబ్ (ఫ్లాంజిలను కలిపే మధ్య ప్లేటు) అంచు వంకరపోతే ఫ్లాంజికీ దానికీ మధ్య సందు మిగులుతుంది. దాన్ని పూడ్చడానికే వెల్డరు పెద్ద వెల్డు వేస్తాడు. ఉక్కు కట్టడాల వెల్డింగుకు అమెరికా కోడ్ అయిన ఏడబ్ల్యూఎస్ డి1.1 ప్రకారం సందు 2 మి.మీ. దాటితే, ఆ సందు ఎంతో అంత మేరకు ఫిల్లెట్ సైజు పెంచాలి. అందుకే ట్యాకింగ్ (ప్లేట్లను నిలిపి ఉంచే చిన్న చిన్న వెల్డులు) కాగానే, సందు కొలిచే ఫీలర్ గేజితో చూడండి.

మూడో జవాబు:
బ్లో హోల్స్ విషయం చెబుతాను. 7018 రకం వెల్డింగ్ రాడ్ల పూత సముద్రపు గాలిలోని తేమను త్వరగా పీల్చుకుంటుంది. తయారీదారు సూచించిన వేడిలో బేక్ చేసి, వెల్డరు పక్కనే పోర్టబుల్ ఓవెన్‌లో ఉంచాలి. ఆ తేమతో చేరే హైడ్రోజన్ వల్ల వెల్డు వేసిన కొన్ని గంటల తర్వాత కూడా పగుళ్ళు రావచ్చు కనుక ఇది గ్రైండింగుతో తీరే సమస్య కాదు. సీఓ2 వెల్డింగ్ కూడా ఉంటే, ఉక్కకు తాళలేక పెట్టుకున్న ఫ్యాన్ గాలి ఆర్కు మీద పడి, వెల్డును కాపాడే ఆ గ్యాసును చెదరగొట్టకుండా తెర కట్టండి. మనిషికి మాత్రం గాలి దూరం చేయకండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ట్యాకింగ్ అయిన నాలుగు స్తంభాలు ఈరోజు కొలిచాను; రెండింటిలో ఒక చివర 3 మి.మీ. సందు ఉంది. ఆ లెక్కన అక్కడ 9 మి.మీ. ఫిల్లెట్ కావాలి. అనవసరమైన చోట 8 వేస్తూ, అవసరమైన చోట ఆ 8 కూడా చాలకుండా ఇన్నాళ్ళూ పని చేశామన్నమాట. ఆ రెండింటినీ విప్పి, వెబ్ అంచులు సరిచేయిస్తున్నాను.