11 ఏళ్ల బాబు డంబెల్స్ ఎత్తొచ్చా?

ప్రశ్న: బాబు వాళ్ల అమ్మ, విజయనగరం
మా బాబుకి 11 ఏళ్లు, కబడ్డీ పిచ్చి. వాళ్ల మావయ్య డంబెల్స్ తనకీ కావాలని ఒకటే గోల. మా అత్తయ్యేమో బరువులెత్తితే గిడసబారిపోతాడని ఒప్పుకోవడం లేదు. నాకూ టెన్షన్‌గానే ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: పీఈటీ మాస్టారు, శ్రీకాకుళం జిల్లా
అమ్మా, ఎత్తు ఆగిపోతుందన్న భయం వద్దు. పిల్లల ఎముకల చివర్ల దగ్గర ఇంకా గట్టిపడని భాగం ఉంటుంది, గ్రోత్ ప్లేట్ అంటారు. తెలిసినవాళ్లు పక్కనుండి, తేలిక బరువుతో, పద్ధతిగా చేయిస్తే దానికి హాని జరుగుతుందనడానికి ఆధారం లేదు. దెబ్బలు తగిలేది ఎవరూ చూడనప్పుడు, పంతానికి పోయి ఎత్తినప్పుడు. మా జిల్లా కరణం మల్లీశ్వరి 12 ఏళ్లకే లిఫ్టింగ్ మొదలుపెట్టి, 2000లో సిడ్నీ ఒలింపిక్స్ కాంస్యం గెలిచింది.

ఈ వయసులో కండలు పెద్దగా రావు, ఆ మాట బాబుకి ముందే చెప్పండి. ఉన్న కండరాన్ని పూర్తిగా వాడుకోవడం నరాలకి అలవాటవుతుంది, బలం అలా వస్తుంది.

ముందు బస్కీలు తీయించి ఎదురుగా నిలబడి చూడండి. దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి ఒరుగుతున్నాయా? మడమలు లేస్తున్నాయా? కొత్త పిల్లలు చాలామంది ఇక్కడే తడబడతారు. నేను వెనక స్టూల్ వేసి, దాన్ని అలా తాకి లేవమంటాను. దండీలైతే చేతులు అరుగు మీద పెట్టించి మొదలుపెట్టండి. నడుము జారిందంటే లెక్క పూర్తికాకపోయినా ఆపించేయాలి. వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒకరోజు విరామం. 15 సార్లు శుభ్రంగా చేయగలిగాకే చిన్న డంబెల్ ఇవ్వండి.

ఇంకోమాట. దయచేసి గుంజీలు శిక్షగా తీయించకండి. వ్యాయామమంటేనే విరక్తి పుడుతుంది.

జవాబు: ఫిజియో, వరంగల్
మాస్టారు చెప్పింది నిజం. గుండె జబ్బు, బీపీ, మూర్ఛ ఉన్న పిల్లలైతే ముందు డాక్టర్‌ని అడగాలి. మర్నాడు కండరాలు కాస్త సలుపుతాయి, అది మామూలే. కీలు దగ్గర నొప్పి అంటే మాత్రం ఆపేసి చూపించండి.

బాబు వాళ్ల అమ్మ
చాలా థాంక్సండీ. వాళ్ల మావయ్య ప్రోటీన్ పౌడర్ కూడా తెస్తానంటున్నాడు. మా పాపకి 8 ఏళ్లు, తనూ చేస్తానంటోంది.

పీఈటీ మాస్టారు
పౌడర్ వద్దమ్మా. గుడ్డు, పప్పు, పాలు, పెరుగు చాలు. పాప చెప్పింది విని చేయగలిగితే నిరభ్యంతరంగా చేయించండి, ఆడపిల్లల ఎముకలకి చాలా మంచిది. తనకి ఇప్పుడే డంబెల్ వద్దు. తాడాట, బస్కీలు, బార్ పట్టుకుని వేలాడటం సరిపోతాయి.