బిల్లుతో కొన్న సాఫ్ట్‌వేర్‌కి డాంగిల్ పాడైంది, దారి చెప్పండి

అందరికీ నమస్కారం. కావలిలో డీటీపీ షాపు నాది, ఎక్కువగా శుభలేఖల పని. తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ బిల్లుతోనే కొన్నాను. అది తెరుచుకోవాలంటే సిస్టమ్‌కి పెట్టాల్సిన తాళంచెవి లాంటి యూఎస్‌బీ డాంగిల్‌ని ఇప్పుడు ఏ సిస్టమ్ గుర్తించడం లేదు. అమ్మినవాళ్లు మళ్లీ పూర్తి ధర కట్టమంటున్నారు. క్రాక్ (తాళం తీసేసిన దొంగ కాపీ) వాడేవాళ్ల పని మాత్రం ఆగలేదు, అదే బాధ. పాత ఫైళ్లు యూనికోడ్‌లో (అన్ని సిస్టమ్‌లూ చదవగలిగే అక్షరాల పద్ధతి) లేవు, తెరిస్తే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. ముహూర్తాల రోజులు కదా, ఒకటే టెన్షన్.

క్రాక్ వేసుకోమని మాత్రం చెప్పకండి, అది నాకు ఇష్టం లేదు. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ కొన్నవాళ్లను బ్యాకప్ కాపీ తీసుకోనిస్తుంది. 2012లో చేర్చిన 65ఎ మాత్రం, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో డాంగిల్ లాంటి డిజిటల్ తాళం తప్పిస్తే నేరమంటుంది. నాలాంటివాళ్లు ఎటువైపు వస్తారు? వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పి డాంగిల్ మార్పించుకున్నవాళ్లు ఉన్నారా? పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే నమ్మకమైన పద్ధతి ఉన్నా దయచేసి చెప్పండి.